పిడుదుల జ్వరం వెంట ఖబూరా దాకా

ఈ ప్రయాణానికి అసలు కారణం కడుపుమంట. ఒమన్ వెళ్లినవాళ్లు సముద్రాన్నీ కోటలనీ చూసొచ్చి రాస్తారు. నేను వెళ్లింది పద్మజ చెప్పేది తప్పని తేల్చడానికి. కాబట్టి కోటల సంగతి నన్నడక్కండి.

పద్మజ హైదరాబాద్‌లో మా ల్యాబ్‌లోనే నాకు జూనియర్. నన్ను అక్కా అంటుంది. పెళ్లయ్యాక భర్త ఉద్యోగం కోసం మస్కట్ వెళ్తుంటే, ఇక దీని పరిశోధన అటకెక్కినట్టే అనుకున్నాం. ఎక్కలేదు. బర్కా దగ్గర పశువుల జబ్బుల ల్యాబ్‌లో చేరింది, పైకొచ్చింది. ఇప్పుడు దానికి సొంత గది, సొంత మైక్రోస్కోపు, పిలిస్తే కారు. నాకేమో మైక్రోస్కోపు కావాలంటే వారం ముందే పేరు రాసుకోవాలి. కళ్లలో నిప్పులు పోసుకున్నానా అంటే, పోసుకున్నాను.

మా ఇద్దరికీ అన్నం పెట్టేది ఒకటే పరాన్నజీవి. పిడుదు కరిస్తే ఆవు ఒంట్లోకి పోతుంది, మైక్రోస్కోపులో తప్ప కనపడదు. తెల్లరక్తకణంలో దూరి, ఆ కణం ఆగకుండా రెండు, నాలుగు అవుతూ పోయేలా చేస్తుంది. కణం చీలినప్పుడల్లా తనూ రెంటిలోకీ సర్దుకుంటుంది; అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటే అద్దెకున్నవాడు రెండు వాటాల్లోనూ కాపురం పెట్టినట్టు. ఎలా సర్దుకుంటుందన్నదే నా జీవితమంతా. ఒక ప్రొటీన్‌తో కణంలోని దారాల్ని పట్టుకుని వేలాడుతుందని నేను చెప్పాను. ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను. నా పేరు నలుగురికి తెలుసంటే ఆ ప్రొటీన్ చలవే.

"జబ్బు చేసిన ఆవులో ఆ ప్రొటీనే కనపడట్లేదక్కా. మీరు సీసాల్లో పెంచినదాంట్లోనే ఉన్నట్టుంది. అచ్చుకి పంపే ముందు మీరొచ్చి మీ కళ్లతో చూడండి" అని పద్మజ మెయిల్ పెట్టింది. ఆ మర్యాదకి నాకు ఒళ్లు మండింది. దాని మాట నిజమైతే, రిటైరయ్యే వేళకి నాకు మిగిలేది గుండుసున్నా.

హైదరాబాద్ నుంచి మస్కట్‌కి నేరుగా విమానం ఉంది. మూడున్నర గంటలు. దిగాక గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. నాలాగా ఐసుపెట్టె పట్టుకెళ్లేవాళ్లకి ఒక సలహా: అనుమతి కాగితాలు పైనే పెట్టుకోండి. నా పెట్టెలో రెండే సరుకులు. మా ల్యాబ్ సీసాల్లో ఏళ్ల తరబడి పెంచుతున్న పరాన్నజీవి స్లైడ్లు ఒకటి. కుందేలు రక్తం నుంచి నేనే తయారుచేసుకున్న యాంటీబాడీ రెండోది. నా ప్రొటీన్ ఎక్కడుంటే అది అక్కడ అతుక్కుంటుంది, రంగు కలిపితే మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా వెలుగుతుంది. సెక్యూరిటీ అమ్మాయి "కుందేలుదా?" అని రెండుసార్లు అడిగి వదిలింది.

పక్క సీటులో జగిత్యాల దిక్కు మనిషి. బర్కాలో తోట పని, సెలవయిపోయి తిరిగి డ్యూటీకి పోతున్నాడు.

"మీరు ఆవుల డాక్టరా మేడం?"

"కాదండీ. ఆవులకొచ్చే జ్వరం మీద పరిశోధన."

"గట్లయితే ఆవులను మస్తు చూసుంటరు."

నేను కిటికీలోంచి మబ్బుల్ని చూశాను. ఆయన కళ్లు మూసుకున్నాడు, బతికిపోయాను.

కారు పంపిస్తానంది పద్మజ. వద్దు, బస్సులో వస్తానన్నాను. దాని కారు నాకెందుకు? పౌరుషానికి పోయి బుర్జ్ అల్ సహ్వా స్టాండుకి టాక్సీలో వెళ్లి, పదకొండు గంటల ఎండలో సొహార్ బస్సు కోసం నిలబడ్డాను. బస్సు మాత్రం చల్లగా, శుభ్రంగా ఉంది. గంటలోపే బర్కాలో దింపాడు. ఇంట్లో ఉండమంటే అదీ కాదని హోటల్లో గది తీసుకున్నాను. సాయంత్రం పద్మజ క్యారియర్‌తో ప్రత్యక్షం. గోంగూర పప్పు, ఊరమిరపకాయలు.

"ఈ ఎడారిలో గోంగూర ఎక్కడిదే?"

"పెరట్లో వేశానక్కా. బాగానే వస్తోంది."

వస్తుంది మరి. అది ఏం వేసినా వస్తుంది. తిట్టుకుంటూనే గిన్నె ఖాళీ చేశాను.

ఖబూరాలో జ్వరమొచ్చిన ఆవు ఉందంటే మర్నాడు పొద్దున ఆరింటికి బయల్దేరాం. ల్యాబ్ కారు నడిపే యూసుఫ్ భాయ్ మన హైదరాబాద్ వాడే, ఎదుటివాళ్లని నోరు విప్పనివ్వడు. దారిలో మలబారీ హోటల్లో పరోటా, గుడ్డు కూర, యాలకుల టీ. ఆ టీ కోసమైనా ఈ దారిన ఒకసారి వెళ్లొచ్చు. కుడిచేతి వైపు ఖర్జూరపు తోటల సందుల్లోంచి సముద్రం కనపడుతూ మాయమవుతూ ఉంటుంది. ఎనిమిది దాటాక ఖబూరాలో ఒక తోటకి చేరాం. అక్కడ పశువుల్ని చూసుకునే రాజన్నది నిజామాబాద్ జిల్లా.

"నాలుగొద్దులాయె మేడం, మేత ముడతలేదు" అన్నాడు. "మా అర్బాబ్‌కు, గీ తోట మాలిక్‌కు, ఈ ఆవంటే పానం. దీనికేమన్నయితే నన్ను బతకనియ్యడు."

పద్మజ ఆవుతో ఏదో మాట్లాడుతూ చెయ్యి వేసింది. ఆ చెయ్యి వెతకలేదు. నేరుగా భుజం ముందుకి వెళ్లి ఆగింది. అక్కడ నిమ్మకాయంత గడ్డ; ఈ జ్వరానికి ముందు ఉబ్బేది అదే. సూదితో ఒక్క చుక్క లాగి స్లైడ్ల మీద పరిచింది. ఆవు తోక కూడా ఆడించలేదు.

"మీరూ ఒకటి తీస్తారా అక్కా?" అని ఇంకో సూది ఇచ్చింది.

నేను భుజం మీద ఎక్కడెక్కడో తడిమాను. ఆవు విసుక్కుని తోకతో నా మొహం మీద ఒక్కటిచ్చింది.

"కొత్త చెయ్యి గదా మేడం, ఒప్పుకోదు" అని రాజన్న నవ్వాడు. పద్మజ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. రాజన్నకి మాత్రం, ఇవాళే పశువుల డాక్టర్ని పంపి మందు వేయిస్తానని చెప్పి బయల్దేరింది.

మధ్యాహ్నానికల్లా బర్కా ల్యాబ్‌లో ఉన్నాం. ముందు మామూలు రంగు వేసి చూశాం. ఖబూరా ఆవు కణాల నిండా పరాన్నజీవులే, అనుమానం లేదు. ఇక నా యాంటీబాడీ వంతు. నావి రెండు స్లైడ్లు, ఖబూరావి రెండు. నేను చెప్పింది నిజమైతే నాలుగూ వెలగాలి.

మా పనిలో ఒక ఆచారం ఉంది. ఫలితం మీద ఆశ ఉన్నవాళ్లకి ఏ స్లైడు ఎవరిదో తెలియకూడదు. పద్మజ యూసుఫ్ భాయ్‌ని పిలిచి, పేర్లు కనపడకుండా టేపు అంటించి వరస మార్చమంది. నన్ను నమ్మట్లేదా అని నాకు చురుక్కుమంది. కానీ దాని చోట నేనున్నా అదే చేసేదాన్ని.

"సబ్ మిలా దియా మేడం. అబ్ మేరేకు భీ నై మాలూం" అని ఇచ్చాడాయన. అన్నీ కలిపేశాడు, ఇక ఆయనకీ తెలియదట.

చీకటి గదిలో కూర్చున్నాను. మొదటిది నలుపు. రెండోది వెలిగింది, పచ్చిమామిడి రంగులో, నా ఇరవై ఏళ్లూ అందులోనే ఉన్నట్టు. మూడోది వెలిగింది. నాలుగోది నలుపు.

రెండే. నాలుగూ కాదు, రెండే. అప్పుడు నా బుద్ధి ఎక్కడికి పోయిందో వినండి. నా స్లైడ్లు ప్రయాణంలో పాడైపోయుంటాయి దేవుడా, వెలిగినవి ఖబూరావే అయుంటాయి అని మొక్కుకున్నాను. నా సరుకు చెడిపోవాలని నేనే కోరుకున్నాను.

"రెండూ మూడూ వెలిగాయి" అన్నాను.

పద్మజ కూడా చూసి, అవునంది. టేపులు నేనే ఊడదీశాను. రెండోది హైదరాబాద్. మూడోది హైదరాబాద్. నల్లటివి రెండూ ఖబూరా.

 తర్వాత పద్మజ మెల్లగా, "మళ్లీ చేద్దామక్కా. యాంటీబాడీ దారిలో వేడెక్కిందేమో" అంది.

ఎంత సుఖమైన దారి! 'అవును, వేడెక్కింది' అంటే చాలు, ఇంకో ఏడాది నెట్టుకొచ్చేయొచ్చు. అది నిజంగానే అందో, జాలిపడి అందో నాకిప్పటికీ తెలియదు. జాలే అయితే దాన్ని క్షమించను.

"వేడెక్కితే నావెలా వెలుగుతాయే?" అన్నాను. "యాంటీబాడీ బాగానే ఉంది. నేనే సీసాని చూసి ఆవనుకున్నాను. అచ్చుకి పంపించు."

పద్మజ నీళ్లు తెచ్చిచ్చింది, తాగాను.

రాత్రి విమానానికి అదే కారులో దింపింది. ఈసారి బస్సంటే వినేలా లేదు, నాకూ ఓపిక లేదు.

"పేపర్లో మీ పేరే ముందు పెడతానక్కా. స్లైడ్లు చూసింది మీరే కదా."

గెలిచినవాళ్లు మంచిగా కూడా ఉంటే ఎలా? తిట్టుకోవడానికైనా ఒక వంక మిగల్చాలి కదా. నేను సంచీ భుజాన వేసుకున్నాను. లోపలికి వెళ్లబోతుంటే వెనక నుంచి అడిగింది. "అక్కా, మన దగ్గర ఆవుల్లో ఎప్పుడైనా చూశారా? అక్కడి పరాన్నజీవి వేరేగా ఉందేమో!"

"చూడాలి" అన్నాను. సీసాల్లో మూడు రోజులకోసారి పోషక ద్రవం మారుస్తూ ఇన్నేళ్లు గడిపాను కానీ, ఒక్క ఆవు దగ్గరికీ పోలేదని దానికి తెలుసు.

ఒమన్ ఎలా ఉందని ఇంటికెళ్తే అడుగుతారు. రోడ్లు బాగున్నాయి, టీ బాగుంది, మనుషులు మర్యాదస్తులు, పద్మజ బాగుంది. ఆ చివరిదే బాధ.

శంషాబాద్‌లో దిగేసరికి తెల్లారుతోంది. క్యాబ్ కొంచెం దూరం పోయాక రోడ్డు పక్కన ఆవుల మంద కనిపించింది. ఆపమన్నాను.

"ఏమైంది మేడం? వాంతి వస్తుందా?" అన్నాడు డ్రైవరు.

దిగి, దగ్గరున్న ఎర్రావు భుజం ముందు చెయ్యి పెట్టాను. నా వేళ్లు వెతికాయి, తడబడ్డాయి, మళ్లీ వెతికాయి. పద్మజ చెయ్యయితే ఈపాటికి ఆగేది. ఎంతసేపు తడిమినా గడ్డ తగల్లేదు. ఆవు తల విదిలించి పక్కకి జరిగింది.

డ్రైవరు హారన్ కొట్టాడు. నేను రెండో ఆవు దగ్గరికి నడిచాను.