వల సంచిలో కత్తి

తాడేపల్లిగూడెం స్టేషన్ వెయిటింగ్ రూములో నా డైవింగ్ బ్యాగు జిప్పు ఎంత లాగినా పడలేదు. సముద్రంలో మునిగి లాబ్‌స్టర్లు పట్టే సరంజామా అంతా మళ్లీ నేలమీద గుమ్మరించాను. గాలి గొట్టాలు విసురుగా చుట్టి, కత్తిని లాబ్‌స్టర్లు వేసుకునే వల సంచి అడుగున కుక్కాను.

ఎదురు బెంచీ మీదున్న పెద్దావిడ అడిగింది. "ఆ కత్తి దేనికండీ?"

"నీళ్లలో చిక్కుకుంటే కోసుకోడానికండీ," అన్నాను చిరాగ్గా.

"దిగేటప్పుడూ సంచిలోనే ఉంటుందాండీ?"

"సంచి నాతోనే ఉంటుంది కదండీ!"

ఆవిడ వంగి, కత్తి తీసి నా చేతిలో పెట్టింది.

"మా ఆయన కత్తిని పడవ అంచుకే గుచ్చి ఉంచేవారండీ. కొల్లేట్లో పడ్డాక వల కాళ్లకి చుట్టుకున్న రోజు కూడా అది అక్కడే ఉందండీ."

ఆ జిప్పు ఇప్పటికీ నన్ను విసిగిస్తూనే ఉంది. నీళ్లలోకి దిగే ముందు మాత్రం నా చెయ్యి నడుముకి కట్టుకున్న కత్తిని తడుముకుంటుంది.