గేరు రాడ్డు పొట్టి చేయించిన సంగతి

మా అన్న స్కూటర్ అమ్మి కారు కొన్నది దర్జా కోసం కాదు. చిక్కడపల్లిలో మా గల్లీ మొత్తం మాత్రం అలాగే అనుకుంది. ఆఫీసులో ఫైళ్లు మోసేవాడికి కారెందుకని ఎదురింటాయన పాలవాడితో అనగా నేనే విన్నాను. అన్నకి ఆ మాట చెబితే నవ్వి ఊరుకున్నాడు. అసలు సంగతి ఆయన ఎడమ మణికట్టు.

అంతకు రెండేళ్ల ముందు, ఒక వానాకాలం పొద్దున, నన్ను డిగ్రీ పరీక్షకి దింపడానికి స్కూటర్ మీద తీసుకెళ్తున్నాడు. నారాయణగూడ చౌరస్తాలో మా ముందున్న బస్సు ఉన్నట్టుండి ఆగింది. అన్న బ్రేకు వేశాడు, స్కూటర్ జారింది. ఆయన రోడ్డు మీద పడ్డాడు, నేను ఆయన మీద పడ్డాను. అందుకే నాకు చిన్న గీత కూడా పడలేదు. పైగా ఆయనే నన్ను ఆటో ఎక్కించి పంపిస్తే వెళ్లి పరీక్ష రాశాను. అది తప్పాననుకోండి, అది వేరే సంగతి. అన్న మణికట్టు మాత్రం రెండు చోట్ల విరిగింది. కట్టు విప్పాక చెయ్యి చూడటానికి మామూలుగానే ఉండేది గానీ మెలి తిరిగేది కాదు, పిడికిలి గట్టిగా బిగిసేది కాదు.

స్కూటర్‌కి క్లచ్చు, గేరు రెండూ ఎడమ చేతిలోనే ఉండేవి. క్లచ్చు నొక్కిపట్టి, ఆ పిడినే మెలితిప్పాలి. అన్న వల్ల కాలేదు. కొన్నాళ్లు బస్సులో వెళ్లాడు. ఒంటిచేత్తో కడ్డీ పట్టుకుని నిలబడలేక అవస్థపడ్డాడు. చివరికి ఎవరో సలహా ఇచ్చారు, కారుకి క్లచ్చు కాలి కింద ఉంటుంది, చేతికి గేరు ఒక్కటే పని అని. అలా మా ఇంటికి ఒక పాత తెల్ల కారు వచ్చింది.

దాని గేరు రాడ్డు పొడుగ్గా, సన్నగా, నేల నుంచి మోకాలి ఎత్తు దాకా ఉండేది. మీద నల్లటి గుండు. బండి కదిలితే అది కూడా వణికేది. దాన్ని చూస్తే నాకు నామోషీగా ఉండేది. అన్నకి మాత్రం అది ప్రాణం. ఆయన దాన్ని అందరిలా పట్టుకునేవాడు కాదు. ముందుకి వెయ్యాలంటే అరచెయ్యి ఆనించి భుజంతో నెట్టేవాడు. వెనక్కి లాగాలంటే వేళ్లు కొక్కెంలా తగిలించి మోచేత్తో లాగేవాడు. మణికట్టుతో పనే లేదు. ఆ కిటుకు ఆయనకి ఎవరూ నేర్పలేదు. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్ల మీద తనే నేర్చుకున్నాడు. తర్వాత రోజూ కూతుర్ని బడిలో దింపి ఆఫీసుకి వెళ్లేవాడు. ఆదివారాలు వదినని అంబర్‌పేట్‌లో ఆమె తల్లిగారింటికి తీసుకెళ్లేవాడు. స్టీరింగ్ ముందు కూర్చుంటే ఆయన మొహంలో చెయ్యి విరగక ముందటి ధీమా కనిపించేది.

అప్పుడు నేను ఆయన ఇంట్లో తిని, ఆయన కొన్న చెప్పులేసుకుని, అశోక్‌నగర్ వైపున్న లైబ్రరీలో పోటీ పరీక్షలకి చదువుతున్నానని చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. నిజానికి చదివేది కార్ల పత్రికలు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాల కుప్పలో ఒక విదేశీ పత్రిక దొరికింది. అందులో ‘షార్ట్ షిఫ్టర్’ అని ఒక వ్యాసం. గేరు రాడ్డుని పొట్టి చేస్తే చెయ్యి కొద్దిగా కదిపితే చాలు, టక్కున గేరు పడుతుందట. రేసు కార్లకి అలాగే ఉంటుందట. ఆ పేజీ చింపి జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాను.

కదపాల్సిన దూరం తక్కువైతే కష్టమూ తక్కువేగా, అన్న చేతికి సుఖం కదా అని నాకు నేను చెప్పుకున్నాను. వదినకీ అదే చెప్పాను. ఆ మాటలో సగమైనా నిజం ఉందని ఇప్పటికీ అనుకోవాలని ఉంటుంది. మిగతా సగం, నారాయణగూడ ఆడపిల్లల కాలేజీ ముందు టక్ టక్‌మని గేర్లు మారుస్తూ పోవాలన్న నా సరదా.

"అన్నా, గేరు జర సాఫ్ చేపిస్త, బండి ఒక్క దినం ఇయ్యి" అన్నాను.

"చేపియ్. గవన్నీ నీకే తెలుసు గద" అన్నాడు. నాకు ఏదైనా తెలుసని నమ్మే మనిషి ఆ రోజుల్లో ఆయనొక్కడే.

అశోక్‌నగర్‌లో మురుగు పారే నాలా పక్కన రేకుల షెడ్డులో ఒక మెకానిక్ ఉండేవాడు. పాలమూరు నుంచి వచ్చినవాడు, నడివయసు మనిషి. మా బండి రిపేర్లన్నీ ఆయన దగ్గరే. నా కాగితంలోని బొమ్మ చూసి, బీడీ పక్కన పెట్టి, రాడ్డు ఊడదీశాడు. దాని అడుగున గుండ్రటి బంతి ఉంటుంది, రాడ్డు ఊగేది దాని మీదే. బంతికి పైన నాలుగు వేళ్ల మేర కొయ్యాలి, కింద బొటనవేలంత ముక్క అతకాలి. ఆయన చూడగానే గ్రహించాడు. రంపం చేతిలోకి తీసుకుని ఆగాడు.

"తమ్మీ, ఒక మాట. మా నాయన బండలు కొట్టెటోడు. గడ్డపార పొడుగుంటే బండ అల్కగ లేస్తది. పొట్టిదైతే నడుములు పోతయ్. ఇది గూడ గంతే. దూరం తక్కువైతది గానీ జోర్ ఎక్కువ పెట్టాలె. సారు చెయ్యి నేను జూసిన. ఈ బండి నడిపేది ఎవరు? నువ్వా, సారా?"

నాకు అంతా అర్థమైంది. అర్థం కాలేదని అబద్ధమాడటానికి లేదు. ఎండలో ఆ రంపం పళ్లు మెరవడం కూడా గుర్తుంది. జేబులో కాగితం ఉంది, రాడ్డు అప్పటికే ఊడింది, ఇంకొక్క గంటలో బండి నేను కలగన్నట్టు తయారవుతుంది.

"నేనే" అన్నాను. "అన్న నడపడం బంజేసిండు. నడిపేది నేనే."

"అట్లయితే సరే" అని ఆయన కొయ్యడం మొదలుపెట్టాడు.

పని బాగా చేశాడు. ఇంటికి వచ్చేటప్పుడు అవసరం లేకున్నా నారాయణగూడ మీదుగా వచ్చి, రెండుసార్లు చౌరస్తా చుట్టాను. మూడు నుంచి రెండు, రెండు నుంచి మూడు, ఉత్తపుణ్యానికే మార్చాను. నా చేతికీ కొంచెం బిగువుగానే తగిలింది. ఆ బిగువు కూడా నాకు దర్జాగానే అనిపించింది.

అన్న చూసి, "మంచిగుందిరా, కొత్త బండి లెక్క అయింది" అన్నాడు.

ఆ ఆదివారం అందరం అంబర్‌పేట్ బయలుదేరాం. వదిన, పాప వెనక సీట్లో, నేనూ వెనకే. ఆయన పాత అలవాటు కొద్దీ అరచెయ్యి ఆనించబోతే గుండు అక్కడ లేదు. కిందికి వంగి వెతుక్కుని పట్టుకోవాల్సి వచ్చింది. నెడితే కదల్లేదు. కదిలితే ఒకటో గేరు బదులు మూడోది పడింది. నారాయణగూడ చౌరస్తాలో, మేము పడ్డ చోటికి కాస్త అవతల, బండి ఆగిపోయింది. వెనక బస్సు హారన్, ఆటోల హారన్లు. అన్న కుడి చెయ్యి స్టీరింగ్ మీంచి తీసి, ఒళ్లు మొత్తం పక్కకి తిప్పి, రెండు చేతులతో గేరు లాగుతున్నాడు. ఆయన మెడ మీద చెమట నాకు కనిపిస్తూనే ఉంది.

"నడప రాకుంటే ఆటోల పోరాదుండ్రి!" అని స్కూటర్ మీద ఒకడు అరిచి పోయాడు.

"ఏం గాదన్నా, కొత్త గద, అలవాటైతది" అన్నాను నేను వెనక నుంచి. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మరో వారం పది రోజులు నడిపాడు. తర్వాత ఒక పొద్దున నేను టీ తాగుతుంటే వచ్చి తాళంచెవి నా ముందు పెట్టాడు.

"ఇగ నువ్వే నడుపురా. నాకు బస్సే నయం. పేపర్ చదువుకుంట పోవచ్చు."

పొద్దుటి బస్సులో నిలబడటానికే చోటుండదని నాకు తెలుసు. అయినా తాళంచెవి తీసుకున్నాను. మా అన్నది ఎంత పెద్ద మనసో అని మురిసిపోయాను కూడా.

ఏడాది అలా గడిచింది. పాపని బడికి నేనే దింపేవాణ్ణి, మిగతా రోజంతా దోస్తులతో తిరిగేవాణ్ణి. అప్పుడప్పుడు స్టాపులో టిఫిన్ డబ్బాతో అన్న కనిపించేవాడు. ఆగి పిలిస్తే, పొమ్మని కుడి చెయ్యి ఊపేవాడు. ఆదివారాలు వాళ్లు ముగ్గురూ ఆటోలో అంబర్‌పేట్ పోయేవారు. ఒకరోజు నేను బండి తుడుస్తుంటే వదిన చీపురు పట్టుకుని వచ్చి నిలబడింది.

"ఒక మాట అడుగుతా, చెప్పు. మీ అన్నకు ఆ గేరు వడ్తలేదని నీకు నిజంగ తెల్వదా?"

నేను వంగి చక్రం తుడవసాగాను. ఆమె వాకిలి ఊడ్చుకుంటూ వెళ్లిపోయింది.

ఆ రోజే నాలా పక్కన షెడ్డుకి వెళ్లాను. రాడ్డు మళ్లీ మునుపటిలా పొడుగు చెయ్యమన్నాను. మెకానిక్ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇప్పుడొచ్చినవా? నువ్వు జేపిచ్చుకపోయినంక రెండు వారాలకే సారొచ్చిండు. బస్సు దిగి నడుసుకుంట వచ్చిండు. మళ్ల పొడుగైతదా అని అడిగిండు. ఐతది సార్, కానీ నడిపేది నేనే, అన్న బంజేసిండు అని మీ తమ్ముడే చెప్పిండు గద అంటి నేను. గప్పుడు సారు, ఔ, నడిపేది వాడే, ఉండనియ్ అని పోయిండు."

తాళంచెవి నా ముందు పెట్టింది ఆ మర్నాడేనన్నమాట. నాది తెలివితక్కువతనం అనుకుని ఉంటే ఆయన నన్ను తిట్టి, బండి బాగు చేయించుకునేవాడు. బండి తమ్ముడికి కావాలి, అడగలేక ఇలా చేశాడు అనుకున్నాడు. అనుకుని, ఇచ్చేశాడు.

మెకానిక్ కింద అతికిన ముక్క తీసేసి, పైన కొత్త కడ్డీ అతికి, ఆ నల్ల గుండే మళ్లీ బిగించాడు. ఆదివారం పొద్దున అన్నని కిందికి పిలిచి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాను. ఆయన ఇంజన్ ఆన్ చేయలేదు. క్లచ్చు తొక్కి, అరచెయ్యి ఆనించి నెట్టాడు. వేళ్లు తగిలించి లాగాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎక్కడా తడబడలేదు. చెయ్యి ఏదీ మరిచిపోలేదు.

"మంచిగ చేసిండు" అని దిగాడు. "కానీ ఇప్పుడెందుకురా? నడిపేది నువ్వే గద."

కోపంగా అని ఉంటే కాళ్ల మీద పడేవాణ్ణి. మామూలుగా, పాలు వచ్చాయా అని అడిగినట్టు అన్నాడు. ఆ రోజు మెకానిక్‌తో అబద్ధం చెప్పానన్నా అనడానికి నోరు తెరిచాను. అప్పటికే ఆయన చుట్టూ తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు. వదిన, పాప వెనక ఎక్కారు. అంబర్‌పేట్‌కి బండి నేనే తీశాను.

ఏడాదిగా పొట్టిదానికి అలవాటుపడిన నా చెయ్యి, ఆ పొడుగు రాడ్డుతో ఎక్కడికక్కడ తప్పుతోంది. నారాయణగూడ చౌరస్తాలో రెండో గేరు పడక బండి గుంజింది. అన్న నా చేతి వైపు చూశాడు.

"మళ్ల పొడుగు చేపిస్తివి. నీకు కష్టమైతలేదు గదరా?"

ఆయన చెయ్యి విరిగినప్పటి నుంచి ఆ ఒక్క మాట నేను ఆయన్ని అడగలేదు.

"లేదన్నా" అని, మూడో గేరు వేశాను.