సున్నా దగ్గర మేడం

మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను నిజామాబాద్ బస్టాండు ఎదుట జిరాక్స్ దుకాణంలో, వైవాలో చూపించాల్సిన గ్రాఫులు ప్రింటు తీయిస్తున్నాను. ఫోన్ చేసింది వాళ్ల అక్క. "బిడ్డా, నీ మేడం ఇంక లేదు" అన్నదామె. పొద్దున నమాజు చదివి, చాయ్ తాగి, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారట. నాకు ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మొదట తోచిన మాట 'మరి వైవాకు ఎవరొస్తారు' అన్నదే.

ఆ వైవా రేపే. ఇది హైదరాబాదులో మా చిన్నమ్మ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: వైవా అంటే, ఇన్నేళ్లు చేసిన పరిశోధన మీద బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ అందరి ముందు ప్రశ్నలు వేస్తాడు, మనం నిలబడి జవాబు చెప్పాలి. జవాబులు నాకు వచ్చు. నోరే రాదు. నిలబెట్టి ఎవరైనా ప్రశ్న అడిగితే చిన్నప్పటి నుంచీ నా నాలుక అంగిటికి అతుక్కుపోతుంది. నేనిప్పుడు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను, అక్కడ అడిగేది నేను కాబట్టి బతికిపోతున్నాను. రేపు నోరు పెగులుతుందో లేదో ఇది రాస్తున్నప్పటికి నాకు తెలియదు.

మేడం బోధన్‌లో పాత గడియారాల దుకాణం వాళ్ల ఆడపిల్ల. పెళ్లి చేసుకోలేదు. భర్త పోయిన అక్కతో కలిసి ఉండేవారు. రోజూ బోధన్ నుంచి నిజామాబాద్ బస్సులో వచ్చి మా డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. నేను మోర్తాడ్ నుంచి వచ్చి హాస్టల్లో చేరిన పసుపు రైతు బిడ్డను. మొదటి వారంలోనే నన్ను లేపి ఏదో అడిగారు. జవాబు తెలుసు. అది గొంతు దాకా వచ్చి అక్కడే చతికిలబడింది. వెనక బెంచీలు నవ్వాయి.

"ఆమె కోసం నేను ఆగుతున్న. మీకేం తొందర?" అన్నారు మేడం వాళ్లతో. చాలాసేపు ఆగారు. తర్వాత నాతో, "కూచో బిడ్డా, రేపు చెప్పు" అన్నారు.

మర్నాడు అదే ప్రశ్న. ఆ మర్నాడూ అదే. నాకైతే కాలేజీ మానేసి పసుపు కొమ్ములు ఉడకబెట్టుకుందామా అనిపించింది. చివరికి ఒకరోజు చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది. శభాష్ అంటారని చూశాను. "ఇగ రెండో ప్రశ్న" అన్నారు.

నా పరిశోధనకు విత్తనం వేసింది కూడా ఆమే. రెండు పెద్ద కేంద్రకాలు, బంగారానివే అనుకోండి, ఎదురెదురుగా వచ్చి అంచులు ఒరుసుకుంటే, లోపలి కణాలన్నీ కలిసికట్టుగా ఒక పక్కకు ఒరుగుతాయి. సామూహిక ప్రవాహం అంటారు దాన్ని. నెమ్మదిగా వస్తే లోపలికి, వేగంగా వస్తే బయటికి. ఒకరోజు ఆమె క్లాసుకు తెచ్చిన పుస్తకంలో రెండు గుండ్రాలు, నాలుగు బాణాలు ఉన్నాయి. ఒక్కరికి అర్థమైతే ఒట్టు. మేడం పుస్తకం మూసి మమ్మల్ని గ్రౌండులోకి తోలుకుపోయారు, రెండు గుంపులు చేశారు.

"ఎదురెదురుగ రండ్రి. నడిమిట్ల గుద్దుకోవద్దు, అంచుకు అంచు తగలాలె. తగిలినప్పుడు చేతికందినోళ్లను గుంజండ్రి."

మెల్లగా నడిచి వచ్చాం. అంచున ఉన్నవాళ్లం ఒకరి చేతులొకరు దొరకబుచ్చుకుని, రెండు గుంపులూ ఒకదాని వైపు ఒకటి తిరిగిపోయాయి. "ఇప్పుడు ఉరుకుండ్రి" అన్నారు. ఉరికాం. భుజానికి భుజం తగిలి చెరో పక్కకు ఎగిరిపడ్డాం. ఒకమ్మాయి చున్నీ చిరిగింది. పై అంతస్తు నుంచి ప్రిన్సిపల్ కేకలు వేస్తున్నారు. మేడం అటు చూడలేదు. "ఇంకోసారి. నడుసుడు గాదు, ఉరుకుడు గాదు, నడిమి చాల్" అన్నారు. ఆ నడిమి వేగం దొరకడానికి చాలా తంటాలు పడ్డాం. దొరికినప్పుడు మాత్రం రెండు గుంపులూ ఎటూ ఒరగకుండా తిన్నగా అవతలికి వెళ్లిపోయాయి.

"ఏం కాలే మేడం" అన్నాన్నేను. అడగకుండానే నోరు విప్పిన సందర్భాల్లో అదొకటి.

"ఏం కాలేదా? నీ చెయ్యి చూడు."

చూసుకున్నాను. మణికట్టు మీద ఎవరివో గోళ్లు దిగి ఉన్నాయి. భుజం కమిలింది.

"గుంజుడు గుంజిండ్రు, నెట్టుడు నెట్టిండ్రు. రెండు సమానమైనయి గాబట్టి సక్కగ వచ్చిండ్రు. ఏం కాకపోవుడు వేరు, గిది వేరు."

తర్వాత నేను హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరి పట్టుకున్నది ఆ నడిమి వేగాన్నే. ఏ శక్తి దగ్గర ఆ ఒరుగుడు సున్నా అవుతుందో తెలిస్తే, కేంద్రకంలోని పదార్థం నొక్కితే ఎంత లొంగుతుందో అంచనా కట్టవచ్చు. ఢీకొట్టించేది కంప్యూటర్‌లోనే లెండి. గైడ్ సార్‌కు పంపే ముందు ప్రతి గ్రాఫూ బోధన్‌కు పోవలసిందే. రిటైరయ్యాక మేడంకు అదే కాలక్షేపం. వరండాలో కూర్చుని, కళ్లద్దాలు నుదుటి మీదకు తోసి, కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చూసేవారు.

"గీ సున్నను నమ్మబుద్ధి అయితలేదు. ఢీకొట్టించిన సార్లు తక్కువై వచ్చిన సున్ననా, అసలు సున్ననా? మళ్ల నడిపియ్."

మళ్లీ నడిపించడం అంటే కంప్యూటర్‌కు వారాల పని, నాకు వారాల ఏడుపు. ఒకసారి ఒళ్లు మండి, "మీకేంది మేడం, మీరు చూసుడే గద" అన్నాను కూడా. నవ్వి, ప్లేటులో ఇంకో ఉస్మానియా బిస్కెట్ పెట్టారు. మళ్లీ నడిపిస్తే సున్నా కొంచెం పక్కకు జరిగింది. ఆమె అనుమానమే నిజమైంది. అప్పటి నుంచి సున్నా కనబడితే నాకు సంతోషానికి ముందు భయం వస్తుంది.

మేడం మాత్రం దేనికీ భయపడరని నేననుకునేదాన్ని. ఒక వానాకాలం ఇద్దరం బోధన్ బస్సులో వెళ్తుంటే, మలుపులో అడ్డంగా వచ్చిన ట్రాక్టరును తప్పించబోయి డ్రైవర్ గట్టిగా బ్రేకు వేశాడు. బస్సు జారి రోడ్డు దిగి చెరుకు తోటలో ఆగింది. కేకలు, ఏడ్పులు. నేను ముందు సీటు కడ్డీని కరుచుకుని అమ్మను పిలుస్తున్నాను. మేడం ఒళ్లో సంచీ పట్టుకుని కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉన్నారు. "దిగుదాం పా" అన్నారు. అంతే. మనిషి కాదు, ఇనుము అనుకున్నాను.

థీసిస్ ఇచ్చే ముందు ఒక సెమినార్ ఉంటుంది. అక్కడ నేను అనుకున్నంతా అయింది. మొదటి ప్రశ్నకే నోరు పడిపోయింది. గైడ్ సార్ అందుకుని నా బదులు ఏదో చెప్పి గట్టెక్కించారు. మేడం అంత దూరం నుంచి వచ్చి వెనక వరసలో కూర్చుని ఉన్నారు. బయటికొచ్చాక ఆ సంగతే ఎత్తలేదు. మిర్చి బజ్జీలు కొనిపెట్టారు. బస్సెక్కే ముందు మాత్రం, "వైవాకు గూడ వస్త. ఎనకనే కూసుంట. నువ్వు నా దిక్కు చూసి చెప్పు" అన్నారు. ఆ మాట పట్టుకునే ఇన్ని నెలలు నిద్రపోయాను.

మూడోనాడు, పోయినవాళ్ల కోసం చేసే జియారత్ ప్రార్థనకు బోధన్ వెళ్లాను. ఆడవాళ్లంతా ఖురాన్ చదువుకుని, కళ్లు తుడుచుకుని ఒక్కొక్కరే వెళ్లిపోయాక వాళ్ల అక్క దగ్గర కూర్చున్నాను. ఆమెను నేను ఆపా అంటాను. వైవా వాయిదా వేయమని గైడ్ సార్‌కు మెసేజ్ రాసి పెట్టుకున్నాను, ఇంకా పంపలేదు. అది చెప్పి, "మేడంకు భయమనేదే లేకుండె ఆపా. నాకే గిట్ల" అన్నాను.

ఆపా నన్ను వింతగా చూసింది. "ఎవలు చెప్పిండ్రు నీకు? రోజు పొద్దుగాల తిన్నది కక్కుకునేది. పిల్లలు ఏమడుగుతరో, నోట్లెకెళ్లి మాట రాకుంటే ఎట్లనో అని. నౌకరీల చేరిన కాడికెళ్లి రిటైరైందాక గదే కత. బస్టాండుదాక నేనే తోల్కపోతుంటి. కిటికీ కాడ కూసుంటుండె. బస్సు కదిలేదాక నేను కింద నిలబడి చెయ్యి పట్టుకుంటుంటి."

నాకు కోపం వచ్చింది. చనిపోయిన మనిషి మీద కోపం తప్పే, కానీ వచ్చింది. అన్నేళ్లు నా వణుకంతా చూస్తూ ఒక్కనాడు 'నాక్కూడా' అనలేదే! తర్వాత నా మీద నాకే వచ్చింది. సున్నాల మీద ఇన్నేళ్లు లెక్కలు కట్టిందాన్ని, చెరుకు తోటలో బస్సు ఆగినప్పుడు కదలకుండా కూర్చున్న మనిషిని చూసి లోపల ఏమీ లేదనుకున్నాను.

"నాకెందుకు చెప్పలే ఆపా?"

"నువ్వు గామెను చూసి నిలబడ్డవ్. గామె గూడ ఒణుకుతదని తెలిస్తే నువ్వు కూసుంటవని."

కాసేపు ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆపా చెంగుతో ముక్కు తుడుచుకుని, "గా మెసేజు పంపకు. నేనొస్త" అన్నది.

"మీరా? హైదరాబాదుకా?"

"ఎనక కూసుంటే టికెట్ అడుగుతరా ఏంది? ఏం సమజ్ కాకున్న కూసుంట."

ఆపా నిజామాబాద్ పెద్దాసుపత్రి దాటి ఎరగదు. బస్సెక్కితే కళ్లు తిరుగుతాయి. అయినా ఈ పొద్దున నేను బోధన్ వెళ్లేసరికి బురఖా వేసుకుని, రొట్టెలు కట్టుకుని గడపలో నిలబడి ఉంది. బోధన్ బస్టాండులో బస్సెక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. నాది ఇంకా చల్లగా ఉంది. లోపల ఏదో చదువుకుంటున్నట్టు ఆమె పెదాలు కదులుతున్నాయి. కండక్టర్ గంట కొట్టాడు. బస్సు కదలబోతుండగా ఆపా వంగి కిటికీలోంచి కిందికి చూసింది.

"గీడనే నిలబడుతుంటి" అన్నది. ఇంకా వంగి చూసి, నా వైపు తిరిగింది. "గీడికెళ్లి చూస్తే నేను గింత దగ్గరనే కనబడుతుంటినా దానికి?"

ప్రశ్న. అడిగింది ఆపా, చెప్పాల్సింది నేను. ఆపా నా మొహంలోకి చూస్తూ ఆగింది. బస్సు గేటు దాటుతోంది.

"కనబడుతుంటిరి ఆపా" అన్నాను. "శాన దగ్గర కనబడుతుంటిరి."

ఆమె తల ఊపి మళ్లీ అటు తిరిగింది. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీ ఊచలకు నుదురు ఆనించి ఆ చోటునే చూసింది. అక్కడ ఎవరూ లేరు.