ఎడమ తాడు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కూరలో ఉప్పెక్కువైనా రాసుకునే నా డైరీలో కూడా ఆ రోజు పేజీలో "వాన పడలేదు, లడ్డు బాగుంది" అని మాత్రమే ఉంది. పోయినేడు పంద్రాగస్టుకు అశోక్‌నగర్‌లోని మా అపార్ట్‌మెంట్ ముందు ఎగిరిన జెండాను కట్టింది అందరూ అనుకున్నట్టు మా పెద్దనాన్న కాదు. నేను. ఇన్నాళ్లకు ఇది చెప్పాలనిపించడానికి కారణం నిన్న సాయంత్రం మా తలుపు తట్టిన సెక్రటరీ గారు. ఉతికి ఇస్త్రీ చేసిన జెండాను నా చేతుల్లో పెట్టి, ఈసారి నన్నే కట్టమన్నారు. పెద్దసార్, అంటే మా పెద్దనాన్నే, చెప్పారట. నలుగురిలో నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనిదాన్ని, అయినా "సరే అంకుల్" అని వెంటనే అనేశాను. తలుపు వేశాక గానీ ఆ మాట అన్నది నేనేనని నాకు తెలియలేదు.

పెద్దనాన్న అంటే మా నాన్నకు అన్న. మా కింది అంతస్తులో పెద్దమ్మతో ఉంటారు. నారాయణగూడలోని ఒక ప్రెస్సులో ముప్పై ఏళ్లకు పైగా పుస్తకాలు కుట్టి, అట్టలు వేశారు. నా డైరీలన్నీ ఆయన కుట్టినవే. నాది ఎడమ చేయి. రాస్తుంటే చెయ్యి పచ్చి సిరా మీదుగా పాకి అక్షరాలు అలుక్కుపోతాయి. ప్రసాదానికి ఎడమ చెయ్యి చాపితే పెద్దమ్మ కళ్లెర్రజేసేది, బళ్లో టీచరు స్కేలుతో కొట్టేది. పెద్దనాన్న మాత్రం ఏమీ అనకుండా, సిరాను తొందరగా పీల్చే కాగితం ఏరి తెచ్చి డైరీ కుట్టి ఇచ్చేవారు.

మా అపార్ట్‌మెంట్ కట్టినప్పటి నుంచి జెండా కట్టే పని ఆయనదే. ముందురోజు సాయంత్రం ఇద్దరం చిక్కడపల్లి దాకా నడిచి బంతిపూలు తెచ్చేవాళ్లం. దారిలో ఆటోల అద్దాలకు, బండ్ల హ్యాండిళ్లకు చిన్న జెండాలు అప్పటికే ఎగురుతుండేవి. హాస్టళ్ల ముందు అరుగుల మీద కూర్చుని పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు మాత్రం తల ఎత్తేవారు కాదు. తెల్లారి ఆయన జెండాను పొడవునా మడిచి, మధ్యలో పూరేకులు పోసి, చుట్టగా చుట్టి, తాడుతో జారుముడి వేసి స్తంభం మీదికి ఎక్కించేవారు. కిందికి వేలాడే రెండింట్లో సెక్రటరీ గారు కుడి తాడు గుంజగానే ముడి జారాలి, జెండా విప్పుకోవాలి, పూలు రాలాలి. రేకుల పళ్లెం పట్టుకుని పక్కన నిలబడటం నా పని. ఏడేళ్ల వయసు నుంచి అదే పని.

మూడో అంతస్తులో కిరాయికి ఉండి గ్రూప్స్‌కు చదివే అక్క ప్రతి ఏడూ ఒక అభ్యంతరం చెప్పేది. పంద్రాగస్టుకు జెండాను కింది నుంచి పైకి ఎగరేయాలట, పైన కట్టి విప్పేది జనవరి ఇరవై ఆరుకట, పరీక్షలో ఇది ఒక మార్కు ప్రశ్నట. పెద్దనాన్న చివరిదాకా శ్రద్ధగా విని, "పరీక్షల గట్లనే రాయి బిడ్డా. మన గేటు కాడ మాత్రం పూలు రాలాలె" అనేవారు.

పోయినేటికి ముందటేడు ఆ పూలే ముంచాయి. పైకెక్కించాక పట్టుకున్న తుంపరకు రేకులు తడిసి, తాడు ఉబ్బి, ముడి బిగుసుకుపోయింది. ఎంత గుంజినా రాలేదు. చివరికి నిచ్చెన తెచ్చేలోపే ఎవరో జనగణమన అందుకున్నారు. అందరం అటెన్షన్‌లో నిలబడి, పైన వేలాడుతున్న ఒక చుట్టకు గౌరవంగా పాట పాడాము. లడ్డూలు పంచేటప్పుడు సెక్రటరీ గారు నెమ్మదిగానే అన్నారు. "పెద్దసార్, వచ్చేసారి మీరు ముందల కుర్చీల కూసోండి. ఎలక్ట్రీషియన్‌తోని కట్టిద్దాం."

పెద్దనాన్న చేతిలోని లడ్డు పొట్లం విప్పలేదు. "ఇంకొక్క ఏడు చూడుండ్రి సార్. అప్పుడు గూడ ఆగితే నేనే తప్పుకుంట" అన్నారు. ఆయన మాట అంటే మాటే. ప్రెస్సును కూడా అలాంటి ఒక మాట మీదే విడిచి వచ్చారని పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

పోయినేటికి ఆయన కంటికి ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు. దూరం చక్కగా కనబడేది. స్తంభం మీద వాలిన పిచ్చుకను కూడా చూపించేవారు. దగ్గరిదే మసక, కొత్త అద్దాలు ఇంకా రాలేదు. పంద్రాగస్టు పొద్దున ఆరింటికి నేను పాల ప్యాకెట్ల కోసం గేటు దగ్గరికి వెళ్లేసరికి ఆయన జెండా కట్టి, పైకెక్కించి, స్నానానికి వెళ్లిపోయారు. అలవాటుగా తల ఎత్తి చూశాను. చుట్ట పైఅంచున కొంచెం బట్ట బయటికి కనబడుతోంది. అది కాషాయం కాదు, ఆకుపచ్చ.

పాల ప్యాకెట్లు చేతిలో చల్లగా కారుతున్నాయి. ఆయన్ను పిలిచి చెప్తే వచ్చి సరిచేస్తారు. కానీ ఆ వెంటనే, అన్న మాట ప్రకారం, పక్కకు తప్పుకుంటారు. చెప్పకపోతే అందరి ముందూ జెండా తలకిందులుగా విప్పుకుంటుంది. ప్యాకెట్లు గట్టు మీద పెట్టి తాడు వదులు చేసి చుట్టను దించాను. జెండా నేలకు తగలకూడదని ఆయన ఎప్పుడూ అనేది గుర్తొచ్చి చున్నీలో పట్టాను. రేకులు తీసి, రంగులు సరిచూసి, మళ్లీ మడిచి, రేకులు పోసి, చుట్టి, ముడి వేసి పైకెక్కించాను. అంతకు ముందు ఆ ముడి ఒక్కసారి కూడా వేయలేదు. అయినా వేళ్లకు ఎక్కడా ఆలోచించాల్సి రాలేదు.

ఎనిమిదిన్నరకు అందరూ చేరారు. సెక్రటరీ గారు ఎప్పటిలాగే కుడి తాడు గుంజారు. చుట్ట కదలలేదు. మళ్లీ గుంజారు. వెనకాల ఎవరో "మళ్లా గదే కథ" అని నవ్వారు. అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఎడమ చేత్తో వేసిన ముడి, అద్దంలో చూసినట్టు అటుదిటు అయిపోయింది. అది ఎడమ తాడుకే జారుతుంది. ఆ ఒక్క ముక్క చెప్తే చాలు. నోరు తెరిచాను కూడా. అందరి తలలూ నా వైపు తిరుగుతాయేమోనని చున్నీ కొస సర్దుకున్నాను.

పెద్దనాన్న తల ఎత్తి ముడి వైపు చూశారు. ముప్పై ఏళ్లు దారంతో బతికిన మనిషికి, ఏ ముడి ఏ చేతిదో తెలియడానికి ఒక్క చూపు చాలు. నా వైపు మాత్రం చూడలేదు. "సార్, ఈసారి ఎడమది గుంజుండ్రి" అన్నారు, ముందే అనుకున్నదానిలా.

జెండా విప్పుకుంది. కాషాయం పైనే ఉంది. ఒక బంతిరేకు సెక్రటరీ గారి కళ్లద్దాల మీద అంటుకుంది. పెద్దసార్ కొత్త ముడి కనిపెట్టారని అందరూ చప్పట్లు కొట్టారు.  లడ్డూలు పంచేటప్పుడు పెద్దనాన్న నా వంతు పొట్లం తెచ్చి నా ఎడమ చేతిలోనే పెట్టి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఏడాది పాటు ఇద్దరం ఆ ఊసు ఎత్తలేదు.

ఈ పొద్దున ఆయన గేటు దగ్గర కుర్చీలో, రేకుల పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కొత్త అద్దాలు ఎప్పుడో వచ్చాయి. అన్నీ కనబడుతున్నాయి, అయినా లేవలేదు. నేను జెండా మడుస్తుంటే వంగి గుప్పెడు గుప్పెడు రేకులు అందించారు. పళ్లెం పట్టేవాళ్లూ ముడి వేసేవాళ్లూ చోట్లు మారడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, మారిపోయామని తెలిసేది మాత్రం ఇలాంటి ఒక్క పొద్దుటే. ముడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. అంకుల్‌కు కుడి తాడే అలవాటు కదా పెద్దనాన్నా, మీలాగే కుడివైపుకు వేయనా అని అడిగాను.

ఆయన పళ్లెంలో మిగిలిన రేకులను ఒక పక్కకు జరిపారు.

"నీ చేత్తోనే కట్టు బిడ్డా. గుంజేటోళ్లు నేర్చుకుంటరు."