ఓజెల్లా గొంతుకు అంటిన మైల

ఓజెల్లాను నల్లవాళ్ల చర్చి సంఘం నుంచి వెలివేసిన ఆదివారం పాస్టర్ క్రంప్టన్ ఎండ నడినెత్తికెక్కేదాకా ప్రసంగించాడు. ఆమె చేసిన పాపమల్లా దేవుణ్ణి పిలిచిన గొంతుతోనే మగవాణ్ణి పిలవడం. చర్చిలో ‘ప్రభువా, నన్ను విడువకు’ అని పాడిన పిల్ల మెంఫిస్ వెళ్లి ‘బంగారం, నన్ను విడువకు’ అని రికార్డు ఇచ్చింది. రాగం అదే, ఆర్తి అదే, చప్పట్లూ అవే. మారింది ఒక్క మాట. ఆ ఒక్క మాటకే పాట మైలపడిందట. పత్తి చేలల్లో వెన్ను విరగ్గొట్టుకుని, తెల్లవాడి ముందు టోపీ తీసి నిలబడే మనుషులు కూడా తమకన్నా కింద ఒకరిని అంటరానివారిని చేసుకోకపోతే నిద్రపోలేరు కాబోలు.

ఆమె తల్లి ఫ్లోసీ ఆ ఉదయం చర్చిలో పెద్ద వయసు ఆడవాళ్లకు వేసిన పెద్దమ్మల బెంచీమీదే, వాళ్లందరిలాగే తెల్లగౌనులో, విసనకర్ర ఊపుకుంటూ కూర్చుంది. తల మాత్రం దించలేదు.

ఫ్లోసీ తమ ఊరు హ్యాచీ బెండ్‌లో తెల్లవాళ్ల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి కూతుర్ని పెంచింది. ఓజెల్లా కుర్చీ ఎక్కి నిలబడి పాడే వయసులోనే చర్చి మొత్తాన్ని ఏడిపించేది. పెద్దయ్యాక మెంఫిస్‌లో ఒక హోటలు వంటింట్లో గిన్నెలు తోముతూ, సాయంత్రాలు నల్లవాళ్ల క్లబ్బుల్లో పాడింది. పంతొమ్మిది వందల అరవై నాలుగులో వచ్చిన ఆ రికార్డుతో పత్తి పండే ఆ నదీ డెల్టాలో ఆమె గొంతు వినిపించని మంగలి షాపు లేకుండా పోయింది.

పేరొచ్చింది. పేరుతో పాటు మర్యాద వస్తుందనుకుంటే అంతకన్నా వెర్రి లేదు. పాడిన హోటల్లో పడుకోనిచ్చేవాళ్లు కాదు. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డికి తాళం వేసేవాళ్లు. మెరిసే పట్టుగౌను మోకాళ్ల పైకి ఎత్తిపట్టుకుని చేలగట్టు వెనక కూర్చోవలసి వచ్చేది. హాలు మధ్యలో తాడు కట్టి అటు తెల్లవాళ్లు, ఇటు నల్లవాళ్లు. “ఎటు తిరిగి పాడమంటావు? తాడుకేసి చూస్తూ పాడనా?” అని ఆమె డ్రమ్ములు వాయించే రూఫస్‌ను అడిగేది. “తాడుకే పాడక్కా. ఇక్కడ నోర్మూసుకుని వినేది అదొక్కటే” అనేవాడతను.

కంపెనీవాళ్లు ఆమె రికార్డు అట్టమీద ఆమె బొమ్మకు బదులు సముద్రం ఒడ్డున నవ్వుతున్న తెల్ల దంపతుల బొమ్మ వేశారు. ఫ్లోసీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఎవరే వీళ్లు? మీ నాన్నవైపు చుట్టాలా?” అంది. తల్లీకూతుళ్లు ఆరోజు కడుపు పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత ఓజెల్లా ఆ అట్టను పొయ్యిలో పెట్టింది.

వీటన్నిటినీ ఆమె దిగమింగింది. బయటివాడు తలుపు మూయడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఇంటివాళ్లు గడియ వేసుకోవడమే మింగుడుపడలేదు.

డెబ్బై ఒకటి ఆగస్టులో ఫ్లోసీ పోయింది. పోయేముందు ఫోనులో ఒక్కటే అడిగింది. “నన్ను నువ్వే పాడి సాగనంపాలి, తల్లీ. వాళ్లకి వదిలెయ్యకు.” ఓజెల్లా ఒప్పుకుంది.

అంత్యక్రియల రోజు చర్చి మెట్లమీదే పాస్టర్ అడ్డం నిలబడ్డాడు. “పాడొచ్చమ్మా, కాదన్నదెవరు? ముందు అందరి ఎదుటా నిలబడి, ఆ పాటలు పాపమని ఒప్పుకుని క్షమాపణ అడుగు. ఒక్క మాటే కదా.”

“నేను పాపం చెయ్యలేదు, రెవరెండ్.”

“అయితే బెంచీమీద కూర్చుని విను.”

మేనమామ కార్నీలియస్, ఆ సంఘంలో పెద్దమనిషి, ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. “అనేసెయ్యవే. నోటితో అంటే పోయేదేముంది? మీ అమ్మ కోసం.”

“నోటితోనే కదా మామయ్యా నేను బతికేది” అంది ఓజెల్లా. లోపలికెళ్లి ముందు వరసలో కూర్చుంది. తల్లికిచ్చిన మాట పోతోందని ఆమెకు ఒళ్లు మండిపోతోంది. అబద్ధం చెప్పి పాడితే ఆ పాట తల్లికి చేరదని కూడా తెలుసు.

శవపేటిక పక్కన పాస్టర్ కూతురు డార్లీన్ పాట ఎత్తుకుంది. రెండో చరణంలో ఒక మాటను సాగదీసి, మధ్యలో విరిచి, విరిగిన చోటు నుంచే పైకి లేపింది. చర్చి కదిలిపోయింది. విసనకర్రలు ఆగాయి. పాస్టర్ రెండు చేతులూ ఎత్తి, “ఆమెన్, పరిశుద్ధాత్మ దిగివచ్చింది” అన్నాడు.

ఓజెల్లా లేచి నిలబడింది.

“దిగివచ్చింది పైనుంచి కాదు, రెవరెండ్. మీ ఇంట్లో రేడియోలోంచి. ఆ విరుపు నా రికార్డులోది. మీరు సైతాను పాటన్నారే, దాన్లోది.”

అందరూ డార్లీన్‌కేసి తిరిగారు. “ఆ పిల్లనేం అనకండి” అంది ఓజెల్లా. “బాగా పాడింది. నేనూ కాజేసినదాన్నే.” పేటిక మీద చెయ్యి వేసింది. “ఈవిడ ఇస్త్రీపెట్టె తోస్తూ పాడుకునేది. బొగ్గు సెగకి ఊపిరి అందక మాట విరిగేది, అక్కడి నుంచే మళ్లీ పైకెత్తేది. నాకు తెలిసిన సంగీతమంతా అదే. అది సైతానుదైతే, సైతాను ఇదిగో, ఇందులో పడుకుంది. ముందు ఈవిడ చేత క్షమాపణ అడిగించండి. తర్వాత నా దగ్గరికి రండి.”

“కూర్చో” అన్నాడు పాస్టర్.

పెద్దమ్మల బెంచీమీద ఎవరో, “నువ్వే కూర్చో నాయనా, కాళ్లు నొప్పెడతాయి” అంది. మరొకామె సన్నగా కూనిరాగం అందుకుంది. తెల్లగౌనులన్నీ ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి.

ఓజెల్లా పాడింది. ఆ పాట తియ్యగా లేదు. కోపంతో గొంతు గీరుకుపోయింది, రెండుచోట్ల శ్రుతి తప్పింది. సరిచేసుకోలేదు. కార్నీలియస్ టోపీలో మొహం దాచుకుని ఏడ్చాడు. చప్పట్లు కొట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పేటికను భుజాలకెత్తుకునేటప్పుడు పాస్టర్ దగ్గరికొచ్చి, అందరికీ వినబడేలా, “తిరిగి రా, బిడ్డా. ఈ తలుపులు నీకెప్పుడూ తెరిచే ఉంటాయి” అన్నాడు.

“మా అమ్మ బయటికెళ్లేదాకా తెరిచుంచండి చాలు” అంది ఓజెల్లా. “ఆ తర్వాత మూసుకోండి. లోపల నావాళ్లెవరూ ఉండరు.”