పరీక్షకు వెళ్లిన కల్లు

మా అమ్మ కల్లు తాగుతుంది. ఈ మాట మిర్యాలగూడలో మా స్కూలు స్టాఫ్‌రూములో అంటే కొత్తగా వచ్చిన టీచర్లు నా ముఖం వింతగా చూస్తారు. చూస్తే చూడనీ. తుంగతుర్తి దగ్గర మా ఊళ్లో ఎండాకాలం పొద్దున్నే ఇంటిల్లిపాదీ తాటిచెట్టు కిందికి పోయి కూర్చోవడం చాలా మామూలు సంగతి. తాటాకును దొన్నెలా మడిచి రెండు చేతులతో పట్టుకుంటే పైనుంచి పోస్తారు. ఆ ఆకును రేక అంటాం. సీజన్‌కు ముందే ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో చెట్టును మాట్లాడుకుంటారు. ఆ చెట్టు కల్లు ఆ ఇంటికే.

మా చెట్టు గీసే ఆయన అమ్మకు తమ్ముడి వరస. కులం వేరు, చుట్టరికం లేదు, వరస మాత్రం నేను పుట్టకముందే కుదిరింది. అందుకని నాకు మామ. నడుముకు మోకు కట్టుకుని ఇప్పటికీ పిల్లిలా చెట్టెక్కుతాడు. పై నుంచి ఊళ్లోవాళ్లందరినీ పలకరించి గానీ దిగడు.

ఈ గొడవ మొదలైన ఏడు, మొదటి కల్లు రోజున నేనూ ఉన్నాను. ఆదివారం. అమ్మ ఒక రేక తాగి, మూతి తుడుచుకుని, రెండోదానికి చేతులు చాపబోయి ఆగింది. ఎడమ మెడ పట్టుకుంది.

"గిదేం కల్లు తమ్మీ? మెడకాడి నుంచి భుజం దాంక నరం పట్టి గుంజుతున్నది."

"పొద్దుగాల్ల దించిన కల్లక్కా. తేనె లెక్కుంటది."

అదే కుండలోది నాయన రెండు రేకలు తాగి మూడోదానికి సిద్ధంగా ఉన్నాడు. ఆయనకేమీ కాలేదని నేను చెప్పబోతే అమ్మ నన్ను నోరెత్తనివ్వలేదు. "మీ నాయినకు రాళ్లు తిన్నా అరుగుతయి" అంది.

తరువాతి వారం మళ్లీ అదే నొప్పి. ఆ పై వారం కూడా అంతే. తాగిన కాసేపటికే మొదలై, గంటసేపు సతాయించి పోయేది. తాగని రోజున ఏమీ లేదు. ఇంకేం కావాలి, అమ్మ తీర్పు చెప్పేసింది. చుట్టుపక్కల చెట్ల కింద కూర్చున్న పది ఇళ్లవాళ్లూ వినేటట్టు, "నువ్వు కల్లుల మందు కలుపుతున్నవ్" అంది.

చెట్టు కల్లు పోసేవాడిని అంతకంటే పెద్ద తిట్టు తిట్టలేం. పట్నాల్లో పొడులు కలిపి అమ్మేవాళ్లను అనే మాట అది. మామ ముఖం మాడిపోయింది.

"అక్కా, గంత మాటనకు. మా తాత కాలం నుంచి చెట్టు కల్లే పోస్తున్నం."

"మరి నా మెడెందుకు గుంజుతున్నది?"

మామ మోకు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి అమ్మ మా చెట్టు దగ్గరికి పోవడం మానేసింది. నాయన మాత్రం యథావిధిగా పోయాడు. "ఆడలేక మద్దెల ఓడన్నదంట" అని దారిలో నాతో అన్నాడు, అమ్మకు వినపడనంత దూరం వచ్చాక.

నాకు మాత్రం గుండెజబ్బేమోనని భయం పట్టుకుంది. ఎడమ భుజం కదా. అమ్మను మిర్యాలగూడకు తీసుకొచ్చి ఈసీజీ తీయించాను. బాగానే ఉందన్నారు. అక్కడి డాక్టరు పద్ధతిగా అన్నీ అడుగుతూ, "తాగే అలవాటేమైనా ఉందా అమ్మా?" అన్నాడు.

అమ్మ కుర్చీలోంచి లేచినంత పని చేసింది. "నేనా? తాగుడా? ఛీ! మా వంశంల లేదు సార్."

అబద్ధమాడిందని ఎవరూ అనుకోవద్దు. మా లెక్కలో తాగుడంటే సారా, బ్రాండీ. కల్లు చల్లలాంటిది, అంబలిలాంటిది. అది తాగుడు కిందికి వస్తుందని నాకే తట్టలేదు. ఆయన గ్యాస్ మాత్రలు రాసిచ్చాడు. అడిగినదానికి జవాబు అదైతే ఆయన మాత్రం ఏం చేస్తాడు!

అదే రోజుల్లో అమ్మకు దురదలు కూడా ఉన్నాయి. ఒంటిమీద పొక్కులు లేవు, దద్దుర్లు లేవు, ఊరికే దురద. మక్కకంకి బెండుతో వీపు గోక్కునేది. వేడి చేసిందని ఒకరు, వేపాకు నీళ్లు పోసుకొమ్మని ఒకరు. ఈ దురదనూ ఆ నొప్పినీ కలిపి చూడాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

మామ మీద అలిగిన అమ్మ, కల్లు మీద మాత్రం అలగలేదు. పక్క ఊరికి పోయి ఇంకొకాయన దగ్గర తాగింది. మెడ గుంజింది. కోదాడలో మా చిన్నమ్మ ఇంటికి పోయినప్పుడు ఈతకల్లు తెప్పించుకుంది. అక్కడా గుంజింది. చిన్నమ్మ కోదాడ కోడలై చాలా ఏళ్లయింది, మాటలో ఆంధ్ర యాస కలిసిపోయింది.

"అదేంటక్కా, మా ఊరి కల్లు కూడా చెడిపోయిందా? నేను తాగాను, మా ఆయన తాగాడు, మాకేం కాలేదుగా. చెడింది కల్లు కాదు, నీకే ఏదో అయింది. సూర్యాపేటలో మంచి డాక్టరమ్మ ఉంది, చూపించుకో."

అమ్మ ఈ సలహాలో సగమే తీసుకుంది. సూర్యాపేట డాక్టరమ్మ దగ్గరికి పోదామని నాకు ఫోన్ చేసింది. నేను సూర్యాపేట బస్టాండులో దిగేసరికి అమ్మ చంకలో సంచి, సంచిలో తువ్వాలు చుట్టిన కూల్‌డ్రింక్ సీసా.

"ఏందమ్మా అది?"

"కల్లు. మీ నాయిన వాటాలకెళ్లి తెచ్చిన. పరీక్ష చేయిస్త. కల్లు గీసేటోళ్లంత ఒక్కటైండ్రు బిడ్డా. ఏం కలుపుతున్నరో డాక్టరమ్మతోని రాయించుకొని సర్పంచ్‌కు చూపిస్త."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నడిరోడ్డు మీద అరిచాను. అమ్మ చెక్కుచెదరలేదు. మూత బిగించిన సీసాలో కల్లు ఎండకు ఊరుకుంటుందా? ఆస్పత్రిలో మా వంతు కోసం కూర్చుని ఉండగా మూత 'టప్' మని లేచి, నురగ పొంగి, హాలంతా పులిసిన వాసన. ఎదురుగా కూర్చున్నావిడ ముక్కు మూసుకుని ఏమిటది అని అడిగింది. "మజ్జిగ" అంది అమ్మ, కన్ను కూడా ఆర్పకుండా.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. బల్ల మీద పెట్టిన సీసానూ, అమ్మనూ, నన్నూ మార్చి మార్చి చూసింది. అమ్మ ఫిర్యాదంతా చెప్పింది. మూడు ఊర్లు, రెండు రకాల చెట్లు, ఒకటే నొప్పి. డాక్టరమ్మ మొదట నవ్వింది. మధ్యలో నవ్వు ఆపేసింది.

"తాగిన ఎంతసేపటికి వస్తుందమ్మా నొప్పి?"

"రేక కింద పెట్టంగనే."

"తాగకపోతే?"

"తాగకపోతే నాకేం రోగం డాక్టరమ్మా?"

"ఒంటికి దురదేమైనా ఉందా?"

అమ్మ నోరు తెరిచింది. "ఉన్నది. నీకెట్ల తెలుసు?"

"రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా?"

"ఎండాకాలం చెమటలు రాకుంటే ఏమొస్తయి తల్లీ?"

డాక్టరమ్మ లేచి అమ్మ వెనకాల నిలబడి మెడ తడిమింది. ఎడమ వైపు, మెడ ఎముక పైన, ఒకచోట ఆమె వేళ్లు ఆగాయి. నన్ను పిలిచి నా వేలు అక్కడ పెట్టించింది. గచ్చకాయంత గడ్డ, నొప్పి లేకుండా, గట్టి రబ్బరులా. రోజూ కొంగు కప్పుకునే చోటు, ఎవరం చూస్తాం?

"కల్లులో ఉన్నది కూడా ఆల్కహాలే" అంది నాతో. "గ్రంథులకు వచ్చే ఒక జబ్బులో, ఎక్కడో ఒకరికి, అది లోపలికి పోగానే గడ్డ ఉన్నచోట నొప్పి వస్తుంది. చాలా అరుదు. పుస్తకంలో చదివానే గానీ ఇప్పటిదాకా ఒక్కరినీ చూడలేదు. నేను అనుకుంటున్నది కాకపోవచ్చు కూడా. పరీక్ష చేస్తేగానీ చెప్పలేం." పక్కగదిలోని పెద్ద డాక్టరును పిలిచి, "మళ్లీ ఒకసారి చెప్పండమ్మా" అంది. అమ్మ సంతోషంగా ఫిర్యాదు మొదటి నుంచి మళ్లీ చెప్పింది. తన కేసు బలపడుతోందని అనుకుంది.

ఎక్స్‌రేలో ఛాతీ మధ్యన నీడ కనిపించింది. సూదితో తీసిన పరీక్షలో ఏదీ తేలలేదు. టీబీ గడ్డేమో, మందులు మొదలుపెడితే సరిపోతుందేమోనని మా బంధువుల్లో తెలిసినవాళ్లు అన్నారు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. గడ్డను మొత్తంగా తీసి హైదరాబాద్ పంపాలంది. రిపోర్టు వచ్చేదాకా నేను పాఠం చెప్తూ చెప్తూ బోర్డు ముందు ఆగిపోయేదాన్ని. అమ్మ లేకుండా ఇల్లెట్లా ఉంటుందని ఆలోచన మొదలయ్యేది, పూర్తి చేసే ధైర్యం ఉండేది కాదు.

డాక్టరమ్మ అనుమానించిన గ్రంథుల జబ్బే, లింఫోమా అని తేలింది. క్యాన్సరే. కానీ మందులకు బాగా లొంగే రకమని, ఈ వయసులో కొంచెం కష్టమైనా ఆశ బాగా ఉందని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. నాయన కిటికీ వైపు తిరిగాడు. అమ్మ మాత్రం ఒకటే అడిగింది.

"అయితే కల్లుల మందు లేదా?"

"లేదమ్మా. కల్లు మంచిదే."

"అయ్యో, నా తమ్ముణ్ని అందరి ముంగట అన్నగదనే!"

క్యాన్సర్ అన్నప్పుడు చెదరని ముఖం అప్పుడు చెదిరింది.

సంగతి తెలిసి మామ ఇంటికొచ్చాడు, ముంజకాయల గెలతో. "కల్లు తాగొద్దన్నరంట గద. ముంజలు తినొచ్చునంట, కనుక్కున్న" అని అరుగు మీద కూర్చుని కొడవలితో చెక్కడం మొదలుపెట్టాడు. అమ్మ ఆయన ముఖం చూడలేకపోయింది. మేమంతా క్షమాపణ కోసం ఎదురుచూశాం. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇంట్ల కూసోని చెప్తే ఏం లాభం తమ్మీ? చెట్టు కింద అన్న. మంచిగైనంక గా చెట్టు కిందికే వచ్చి, తాగి, అందరి ముంగట చెప్త."

"వస్తవక్కా" అన్నాడు మామ. ముంజ ఒకటి ఆమె చేతిలో పెట్టి, తల వంచుకుని చెక్కుతూనే ఉన్నాడు.

చికిత్స వానాకాలమంతా నడిచింది. తేలికగా నడిచిందని చెప్పను. జుట్టు రాలింది, అన్నం వాసన పడలేదు, రెండుసార్లు జ్వరంతో ఆస్పత్రిలో ఉంచారు. కానీ దురద మాత్రం మొదట్లోనే మాయమైంది. మక్కబెండు దాచిపెట్టి, ఇంక మీ నాయన వీపుకు పనికొస్తుందని అమ్మ నవ్విన రోజు నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. అది సంతోషమే. చలికాలంలో తీసిన స్కాన్‌లో ఏమీ కనిపించలేదు. డాక్టరమ్మ అభినందిస్తే అమ్మ అడిగింది ఒక రేక కల్లు.

"అలవాటు చేసుకోవద్దమ్మా. రుచికి ఒక్క రేకంటే కాదనను."

మరుసటి ఏడు మొదటి కల్లు రోజున చెట్ల కింద జాతరలా జనం. కోదాడ నుంచి చిన్నమ్మ కూడా దిగింది. అమ్మ తల మీద కొత్త జుట్టు గరికలా మొలిచింది. మామ చెట్టు దిగి, నురగ ఊది, రేకలో పోశాడు. అమ్మ కళ్లు మూసుకుని ఏకబిగిన తాగింది. అందరి కళ్లూ అమ్మ మెడ మీదే. నాయన ఆమె భుజాన్నే చూస్తున్నాడు. స్కాన్ చెప్పింది నిజమే, అయినా మా అందరికీ అసలు పరీక్ష ఇదే.

"ఏంది, గట్ల సూస్తరు? నేనేమన్న పెండ్లిపిల్లనా?" అంది అమ్మ కాసేపటికి. మెడ అటూ ఇటూ తిప్పింది. గుంజలేదు. అప్పుడు లేచి నిలబడి, వెనకటిలాగే పది ఇళ్లకు వినిపించేటట్టు అంది.

"ఇనుండ్రి. నా తమ్ముని కల్లుల ఏం లేదు. ఉన్నదంత నా మెడల ఉండె." మామ వైపు తిరిగింది. "మస్తున్నది తమ్మీ. ఏ చెట్టుది?"

"నువ్వు మందు కలిసిందన్న చెట్టే అక్కా. నువ్వొస్తనన్నవ్ గదా, వేరే ఎవ్వలకియ్యలే."

ఆస్పత్రిలో అన్ని సూదులకూ ఏడవని మనిషి అక్కడ కొంగు ముఖాన కప్పుకుని ఏడ్చింది. తరువాత కొంగుతోనే ముక్కు తుడుచుకుని, రేక మళ్లీ ముందుకు చాపింది.

"అమ్మా, డాక్టరమ్మ ఒక్కటే అన్నది" అన్నాను.

"ఒకటి నా నొప్పి సూసుకునేటందుకు తాగిన. గిది నా తమ్ముని కోసం. పొయ్యి తమ్మీ."