నిండుకున్న ఊరు

రాజమండ్రి కాలేజీలో బి.ఏ. చదివే రోజుల్లో మా అర్థశాస్త్రం దొరగారికి ఒక ఆలోచన పుట్టింది. పుస్తకాల్లో రాసిన గిరాకీ, సరఫరా సూత్రాలు గోదావరి జిల్లా ధాన్యం వ్యాపారానికి సరిపోతాయో లేదో విద్యార్థులే ఊళ్ళు తిరిగి చూసి రావాలట. చూసింది వ్యాసంగా రాయాలట. మా క్లాసంతా తెల్లబోయింది. అంతవరకు మాలో ఒక్కడూ ధాన్యం బజారు మొహం చూసిన పాపాన పోలేదు.

నాకు జంటగా శామ్యూలును వేశారు. అతను తెలుగువాళ్ళ బిడ్డే. ఊహ తెలియకముందే తల్లీ తండ్రీ పోతే మదరాసులో మిషను బోర్డింగులో పెరిగాడు. ఇంగ్లీషు దొరసానుల దగ్గర నేర్చాడు, తెలుగు వ్యాకరణం పుస్తకంలోంచి నేర్చాడు. సంధులూ సమాసాలూ అడిగితే నాకంటే బాగా చెప్పేవాడు.

బయల్దేరే రోజు తెల్లారగట్లే మా ఇంటికొచ్చాడు. మా అమ్మ పులిహోర మూట కట్టి ఇచ్చింది. శామ్యూలు అరుగు దగ్గర నిలబడి చేతులు జోడించి, "పోతున్నానమ్మగారూ" అన్నాడు. మా అమ్మ రెండు చెవులూ మూసుకుంది.

"అయ్యో నా తండ్రీ! ప్రయాణమప్పుడు అవేం మాటలు? వెళ్ళొస్తాను అనాలి."

"రావడానికి ఇంకా వారం ఉంది కదండీ" అన్నాడు పాపం, ఎంతో మర్యాదగా.

ఒంటెద్దు బండిలో ధవళేశ్వరం చేరేసరికి బాగా పొద్దెక్కింది. అక్కడ రామచంద్రపురం వైపు పోయే కాలవ పడవ ఎక్కాం. మనిషికి రెండణాలు. గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని లాగుతుంటే పడవ నత్తనడక నడిచింది. ఈ దారిన వెళ్ళేవాళ్ళు గొడుగు మరిచిపోవద్దు, పడవ కప్పు కింద చోటు ముందెక్కిన వాళ్ళకే. మా పక్కన ఒక కొబ్బరికాయల వర్తకుడు కూర్చున్నాడు.

"ధాన్యం కొనడానికా బాబూ?" అని అడిగాడు.

"కాదండీ, ధాన్యం వ్యాపారం గురించి చదవడానికి" అన్నాను.

"ధాన్యాన్ని చదవడమేంటండి బాబూ!" అని అతను రామచంద్రపురందాకా నవ్వుతూనే ఉన్నాడు.

నవ్వినవాడి నోరు మూయించే ధరలు రామచంద్రపురం బజారులో ఎదురయ్యాయి. ధవళేశ్వరంలో అడిగిన బియ్యమే, అదే కాలవ మీద ఒక పూట ప్రయాణం చేసేసరికి ఇంచుమించు రెట్టింపు ధర పలుకుతోంది. గోదావరి సీమలో కరువేంటని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కాలవ మొదట్లో ఊళ్ళు ఎలాగో గట్టెక్కాయి గాని, చివరి ఊళ్ళదాకా నీళ్ళు రాలేదు.

మర్నాడు పొద్దున్నే దొరగారి ఉత్తరం పట్టుకుని తాసీల్దారుగారిని కలిశాం. ఆయన మమ్మల్ని చూసి ప్రాణం లేచొచ్చినట్టు కుర్చీలు వేయించారు.

"మంచి సమయానికి వచ్చారు. సర్కారు బియ్యం పడవ ఒకటి లాకు దగ్గర ఉంది. కాలవ చివర గుమ్మళ్ళపాలెం అని ఊరుంది. అక్కడ తిండికి కటకటగా ఉందని ఒకరంటారు, అదంతా వర్తకుల పుకారని ఇంకొకరంటారు. మా వాళ్ళంతా జ్వరాలతో పడి ఉన్నారు. మీరెలాగూ ఊళ్ళు తిరుగుతారు కదా, చూసొచ్చి చెప్పండి. అవసరమైతే పడవ అక్కడికి పంపుతాను. లేకపోతే రేపు ఉదయం కాకినాడ గిడ్డంగికి తిప్పేస్తాను" అన్నారు.

ఇద్దరం వెళ్ళాల్సిందే. కాని ముందురోజు పడవ దిగేటప్పుడు నా కాలికి వెదురు పేడు గుచ్చుకుంది. మధ్యాహ్నానికి పాదం బూరెలా పొంగింది. శామ్యూలు ఒక్కడే వెళ్ళాడు, నేను పూటకూళ్ళ ఇంటి అరుగు మీద పసుపు కట్టుతో మూలుగుతూ పడుకున్నాను.

దీపాల వేళకు తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మన సూత్రం తలకిందులైందోయ్! ధర ఆకాశంలో ఉన్న చోటే సరుకు నిండుగా ఉంది. ఏ గుమ్మం దగ్గర అడిగినా ఒకటే జవాబు. వర్తకులు కావాలని భయం పుట్టించి ధర పెంచుతున్నారు. ఇంతకంటే గొప్ప వ్యాసం ఎవరు రాస్తారు?"

"మనుషులు ఎలా ఉన్నారు?" అన్నాను.

"కొంచెం చిక్కి ఉన్నారు. ఎండలు కదా! సూరమ్మగారని ఒకావిడ నాకు మజ్జిగ కూడా ఇచ్చింది."

ఔరా, ఎంత మోసం అని నేను కూడా నోరు వెళ్ళబెట్టాను. వచ్చే దారిలోనే తాసీల్దారుగారి ఇంటికెళ్ళి అంతా ఇంగ్లీషులో విన్నవించానని, ఆయన 'వెరీ గుడ్' అన్నారని శామ్యూలు చెప్పాడు.

మర్నాడు పొద్దున్న నేను పూటకూళ్ళమ్మగారి వసారాలో విస్తరి ముందు కూర్చున్నాను. శామ్యూలు మిషను బంగళాలో తినివచ్చి బయట అరుగు మీద వ్యాసం రాసుకుంటున్నాడు. నేను మజ్జిగలోకి ఉప్పడిగాను. ఆవిడ జాడీ వంచి చూసి, లోపల ఉన్న భర్తకు కేకేసింది. "ఉప్పు నిండుకుందండీ! కాస్త కొట్టుకెళ్ళి తీసుకురండి!"

బయటినుంచి శామ్యూలు నవ్వాడు. "నిండుకుంటే మళ్ళీ కొట్టుకెందుకోయ్? వర్తకులే కాదు, వీళ్ళు కూడా దాచుకుంటున్నారు! నిన్న గుమ్మళ్ళపాలెంలో కూడా అందరూ ఇలాగే అన్నారు. బియ్యం నిండుకున్నాయి, బియ్యం నిండుకున్నాయి అని."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. కుంటుకుంటూ బయటికొచ్చి అతని భుజం పట్టుకున్నాను.

"ఏమన్నారు? సరిగ్గా ఆ మాటే అన్నారా?"

"ఆ మాటే. నిండు అంటే పూర్ణము. నిండుకొనుట..."

"నీ పూర్ణం తగలెయ్య! నిండుకున్నాయంటే అయిపోయాయని! ఒక్క గింజ లేదని! ఇంట్లో బియ్యం లేవని ఏ ఆడదీ నోటితో అనదు. అంటే లేమి ఇంట్లో తిష్ట వేస్తుందని భయం. అందుకని నిండుకున్నాయంటారు. ఇది నీకు తెలియదా?"

"నాకెవరు చెబుతారు?" అన్నాడు శామ్యూలు. "బోర్డింగు వంటవాడు అయిపోయాయి అనేవాడు."

ఆ జవాబు విన్నాక అతని భుజం వదిలేశాను. ఇరవయ్యేళ్ళవాడు, ఒక్క వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని ఎరగడు.

బండి కట్టించుకుని తాసీల్దారుగారి దగ్గరికి పరుగెత్తాం. ఆయన పూజ మధ్యలోంచి లేచొచ్చారు. సంగతి వినగానే గోడకు చేరబడిపోయారు.

"నిండుకున్నాయన్నారా? మరి ఈ అబ్బాయి నాతో ఫుల్ అన్నాడే! ఆ ఒక్క ముక్క తెలుగులో చెప్పి ఉంటే మా ఇంట్లో పనిమనిషికి కూడా అర్థమయ్యేది కదయ్యా!" అని తల బాదుకున్నారు. "పడవ ఈపాటికి లాకు దాటుతుంటుంది. మీరు పదండి, నేను హుకుం రాసి గుర్రం మీద పంపిస్తాను."

లాకు దగ్గరికి చేరేసరికి నీళ్ళకు అడ్డం ఉండే తలుపులు తెరిచేశారు. పడవ కాకినాడ కాలవలో దూరంగా కనిపిస్తోంది. గట్టు మీద బండి పోయే దారి లేదు. నా కాలు నేల మీద ఆననివ్వడం లేదు. నాకు ఏడుపొచ్చింది. శామ్యూలు బూట్లు విప్పి పారేసి గట్టు వెంట పరుగందుకున్నాడు. ఆపమని ఏమని అరుస్తాడో, ఇంగ్లీషులో అరుస్తాడేమోనని నేను హడలిపోయాను.

"నిండుకున్నాయీ! గుమ్మళ్ళపాలెంలో బియ్యం నిండుకున్నాయీ!"

ఆ కేక నాకు లాకు దాకా వినపడింది. తాడు లాగేవాళ్ళు ఠక్కున ఆగిపోయారు. హుకుం అడగలేదు, ముద్ర అడగలేదు. పడవ నడిపే సరంగు లోపల లేచి నిలబడి, "ఊరంతానా బాబూ?" అని గట్టిగా అడగడం విన్నాను. శామ్యూలు ఏం చెప్పాడో వినపడలేదు. ఇంతలో వాళ్ళు తాడు పడవ రెండో చివరకు కట్టి పడవను వెనక్కి లాగడం మొదలుపెట్టారు. గుర్రం మీద మనిషి వచ్చేసరికి పడవ లాకు ముందర ఉంది.

ఆ పడవలోనే మేమూ గుమ్మళ్ళపాలెం వెళ్ళాం. సాయంత్రం అక్కడ నేను చూసిన పొయ్యిలు ఇప్పటికీ కళ్ళ ముందునుంచి పోవు. అన్నీ శుభ్రంగా అలికి ముగ్గులు పెట్టి ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ బూడిద లేదు.

సూరమ్మగారు సన్నగా, పొడుగ్గా ఉన్న నడివయసు మనిషి, కౌలు రైతు భార్య. శామ్యూలు ఆవిడ ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"లేవని నాతో చెప్పి ఉంటే బాగుండేది కదమ్మా" అన్నాడు.

"ఇంటికొచ్చిన బిడ్డతో లేవని ఎలా అంటాం నాయనా? మజ్జిగైనా ఉంది, నయమే అనుకున్నాను" అంది ఆవిడ. "ఈ పూట మీరు కూడా ఉండండి. పొయ్యి వెలిగిస్తున్నాను."

నా పాదం వాపు చూసి పడవవాళ్ళు తొందరపెట్టారు. ఉండలేకపోయాం.

"పోనీలెండి. ఈసారి వచ్చినప్పుడు పెడతాను" అంది.

శామ్యూలు చేతులు జోడించాడు.

"వెళ్ళొస్తానమ్మా" అన్నాడు.

రామచంద్రపురంలో కాలికి వైద్యం చేయించుకుని, బండి మీద సామర్లకోట చేరి, మధ్యాహ్నం రైలు ఎక్కాం. మూడో తరగతి పెట్టె అన్నవరం నుంచి వచ్చే యాత్రికులతో కిక్కిరిసి ఉంది. ఒకావిడ మా ఇద్దరి చేతుల్లోనూ ప్రసాదం పెట్టింది. ధాన్యం వ్యాపారం గురించి నేను తెలుసుకున్నది దొరగారి సూత్రాల్లో ఎక్కడా లేదు. కొనే స్తోమత లేనివాడి ఆకలి బజారుకు వినపడదు, వాడి నోరు దాన్ని బయటికి చెప్పదు. ఈ సంగతే వ్యాసంలో రాద్దామన్నాను. శామ్యూలు తలూపాడు గాని, అతని ధ్యాస ఇక్కడ లేదు. కిటికీలోంచి ఎండిన చేలు చూస్తూ కూర్చున్నాడు.

రాజమండ్రి దగ్గర పడుతుండగా నావైపు తిరిగాడు.

"వెళ్ళొస్తానని చెప్పాను కదా. మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి?"

అది అందరూ అనే మాటేనోయ్, అన్నంత మాత్రాన ఎవరూ తిరిగి వెళ్ళరు, వస్తారని ఎవరూ కాచుకుని కూర్చోరు అని నోటిదాకా వచ్చింది. అతని మొహం చూసి మింగేశాను.

"వచ్చే కోతలయ్యాక" అన్నాను. "నేనూ వస్తాను."